మాట ఎక్కడ పుడుతుంది? పిల్లలకి నోరు, నాలుక, గొంతు గురించి చెప్పడంపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఒడిశాలో రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కొరాపుట్, బరంపురం వైపు తెలుగు ఇళ్ళల్లో పిల్లలకి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, టీవీలో హిందీ. నేను రాయగడలో సాయంత్రం పూట పిల్లలకి తెలుగు అక్షరాలు నేర్పుతాను. పలక పట్టించే ముందు నోటి గురించి చెబుతాను కాబట్టి, తల్లిదండ్రులు, అంగన్‌వాడీ దీదీలు, ఒక్కోసారి బడి గురుమాలు (పంతులమ్మలు) కూడా దీని గురించి అడుగుతూ ఉంటారు. ఆ ప్రశ్నలు, నాకు తెలిసిన జవాబులు ఇవి. నేను డాక్టర్ని కాదు, అందుకే డాక్టర్ చూడాల్సిన విషయం వచ్చినచోట ఆ మాట నేరుగా చెప్పేశాను.

అక్షరాలు నేర్పితే చాలదా? నాలుక, అంగిలి గురించి పిల్లలకి ఎందుకు?

రెండు కారణాలు. ఒకటి, పలికే చోటు తెలిసిన పిల్లకి అక్షరం తొందరగా వస్తుంది. "ట అను, ట అను" అని పదిసార్లు అరిచినా రానిది, "నాలుక కొనని పైకి మడిచి పెట్టు" అంటే వచ్చేస్తుంది. రెండోది మన ప్రాంతానికి మరీ ముఖ్యం. ఇక్కడ పిల్లల మాటలో కొన్ని తేడాలు పక్క భాష వల్ల వస్తాయి, కొన్ని నిజంగా చెవిలోనో నోట్లోనో ఉన్న ఇబ్బంది వల్ల వస్తాయి. ఈ రెండూ కలిపేసుకుని మనవాళ్ళు అటూ ఇటూ నష్టపోతున్నారు. ఏ ఇబ్బందీ లేని పిల్లాడిని "వీడికి నోరు తిరగదు" అని అందరి ముందూ అంటారు. చెవి సరిగ్గా వినపడని పిల్లని "ఒడియా, తెలుగు కలిసిపోయి అలా ఉందిలే, పెద్దయితే అదే వస్తుంది" అని వదిలేస్తారు. నోరు ఎలా పనిచేస్తుందో ఇంట్లో ఒక్కరికి తెలిసినా ఈ రెండు తప్పులూ తగ్గుతాయి.

ఏ వయసులో మొదలుపెట్టాలి?

రెండేళ్ళకే "నీ ముక్కేది, నోరేది" ఆట ఆడతాం కదా, అదే మొదలు. అప్పుడే పెదాలు, పళ్ళు, నాలుక కలిపేయండి. అంగిలి, గొంతు లాంటివి నాలుగైదేళ్ళకి. స్వరపేటిక లాంటి పేర్లు ఎనిమిదేళ్ళు దాటాక చెప్పినా తొందరేం లేదు.

ఏయే భాగాలు చెప్పాలి? పుస్తకంలో పేర్లు చాలా కష్టంగా ఉన్నాయి.

పుస్తకం పేర్లు తర్వాత. ముందు ఇంట్లో వాడే పేర్లే చెప్పండి. కింద నుంచి పైకి వెళ్తే పిల్లలకి బాగా ఎక్కుతుంది, ఎందుకంటే గాలి వచ్చే దారి కూడా అదే. ఊపిరితిత్తుల్లోంచి గాలి బయల్దేరుతుంది. గొంతులో స్వరపేటిక ఉంటుంది, మగవాళ్ళ మెడ మీద ముందుకి పొడుచుకొచ్చి కనిపించే భాగం అదే, తాతయ్య నీళ్ళు తాగేటప్పుడు అది పైకీ కిందకీ కదలడం చూపిస్తే పిల్లలు మర్చిపోరు. దాని లోపల రెండు సన్నటి కండర మడతలు, వాటినే స్వరతంత్రులు అంటారు. ఆ పైన నోరు. నోటి పైకప్పు అంగిలి, ముందు భాగం గట్టిగా ఉంటుంది, వెనక భాగం మెత్తగా ఉంటుంది, ఆ మెత్తటి అంగిలి చివర వేలాడేది కొండనాలుక. ఇక నాలుక, దాని కొన, నడుమ, వెనక భాగం మూడూ వేరువేరుగా చూపించాలి, ఎందుకంటే అవి చేసే పనులు వేరు. పళ్ళు, పై పళ్ళ వెనక ఉబ్బెత్తుగా తగిలే చిగురు, పెదాలు, కింది దవడ, ముక్కు.

చెవిని కూడా ఈ జాబితాలో చేర్చండి. చార్టుల్లో చెవి ఉండదు, కానీ విననిదే పిల్లకి మాట రాదు. నా దగ్గరికి వచ్చే పిల్లలకి నేను మొదట చెప్పేది చెవి గురించే.

బడిలో నాలుకని జిభ, ముక్కుని నాక అని నేర్చుకుని వస్తారు. ఆ పేర్లు చెప్తే కసరకండి, రెండూ చెప్పనివ్వండి.

మాట ఎలా పుడుతుందో ఆరేళ్ళ పిల్లకి అర్థమయ్యేలా ఎలా చెప్పడం?

చెప్పొద్దు, చేయించండి. ఈ ఒక్క విషయంలో నేను పట్టుదలగా ఉంటాను. బొమ్మ గీసి బాణాలు పెట్టి పేర్లు బట్టీ పట్టిస్తే పరీక్షలో మార్కులు వస్తాయేమో గానీ, ఆ పిల్లకి తన నోరు తనకి తెలియదు.

మొదట గాలి. అరచెయ్యి నోటి ముందు పెట్టుకుని "పాప" అనమనండి, చేతికి గాలి తగులుతుంది. గాలంతా వదిలేసి, మళ్ళీ పీల్చకుండా మాట్లాడమనండి, గొంతు పెగలదు. అంటే మాటకి ముడిసరుకు మనం వదిలే ఊపిరి అని వాళ్ళే తేల్చేస్తారు.

తర్వాత గొంతు. రెండు వేళ్ళు మెడ మీద మెల్లగా ఆనించి "స్‌స్‌స్" అనమనండి, ఏమీ ఉండదు. "మ్‌మ్‌మ్" అనమనండి, వేళ్ళ కింద గొంతు అదురుతుంది. రెండు చెవులూ మూసుకుని చేస్తే ఆ అదురు తల నిండా జుమ్మంటుంది, పిల్లలకి ఇది మహా ఇష్టం. లోపల ఏం జరుగుతోందో చూపించాలంటే ఒక బుడగ ఊది, మూతిని రెండు వైపులా లాగి పట్టుకుని గాలి వదలండి, కీచుమంటుంది. స్వరతంత్రులు కూడా అలాగే గాలి తగిలి అదురుతాయి. మగవాళ్ళలో సెకనుకి సుమారు 100 నుంచి 130 సార్లు, ఆడవాళ్ళలో 200 సార్లకి అటూ ఇటూగా, చిన్నపిల్లల్లో 250 దాటి. పిల్లల స్వరతంత్రులు పొట్టివి, పల్చనివి, అందుకే వాళ్ళ గొంతు సన్నగా ఉంటుంది. పద్నాలుగేళ్ళకి అన్నయ్య గొంతు ఎందుకు బొంగురుపోయిందో కూడా ఇక్కడే చెప్పేయొచ్చు, ఆ వయసు మగపిల్లల్లో స్వరపేటిక తొందరగా పెరుగుతుంది.

ఆ తర్వాత ముక్కు. చిన్న అద్దం ముక్కు కింద అడ్డంగా పెట్టి "మ్‌మ్‌మ్" అంటే అద్దం మీద ఆవిరి పడుతుంది. ముక్కు మూసుకుని అదే అనమంటే ఆగిపోతుంది. "ఆ" అయితే ముక్కు మూసినా వస్తుంది. మెత్తటి అంగిలి పైకి లేచి ముక్కు దారి మూస్తుంది, కిందకి దిగితే తెరుస్తుంది, అంతే తేడా.

నాలుక, పెదాలు చివర్న. పెదాలు తగలకుండా "పాప" అనమనండి. నాలుక కొనని శుభ్రమైన గుడ్డతో పట్టుకుని "తాత" అనమనండి, రాదు. అలాగే పట్టుకుని "కాకి" అనమంటే వచ్చేస్తుంది. ఎందుకొచ్చింది అని అడిగి మీరు ఊరుకోండి. క పలికేది నాలుక కొన కాదు, వెనక భాగం అని వాళ్ళే కనిపెట్టాలి. నవ్వులతో గదంతా గోలగా ఉంటుంది, ఉండనివ్వండి.

చేతులు కడుక్కుని చేయించండి, ఎవరి అద్దం వాళ్ళకి ఉంటే మేలు. గొంతులోకి స్పూను వెనక భాగం, పెన్ను లాంటివి పెట్టనివ్వకండి.

దీన్ని వర్ణమాలతో ఎలా కలపాలి?

మన వర్ణమాలే ఒక నోటి పటం. దాన్ని కూర్చినవాళ్ళు అక్షరాల్ని ఇష్టం వచ్చినట్టు పేర్చలేదు, నోట్లో వెనక నుంచి ముందుకి నడుచుకుంటూ వచ్చారు. క వరుస నోటి వెనక, నాలుక వెనక భాగం మెత్తటి అంగిలికి తగిలే చోట. చ వరుస నాలుక నడుమ గట్టి అంగిలికి తగిలే చోట. ట వరుసకి నాలుక కొన పైకి మడత పడుతుంది. త వరుసకి పళ్ళ దగ్గరికి వస్తుంది. ప వరుసకి పెదాల దాకా వచ్చేశాం, ఇంక ముందుకెళ్తే బయటే. ఒడియా అక్షరాల వరుస కూడా ఇదే, దేవనాగరి కూడా ఇదే, కాబట్టి ఈ పాఠం ఒక్కసారి నోటితో నేర్చుకున్న పిల్ల మూడు లిపుల్లోనూ దాన్ని వాడుకుంటుంది. మన పిల్లలకి ఇది ఎంత కలిసొచ్చే విషయమో చెప్పలేను. మూడు భాషలు మూడు బరువులు అని భయపడే తల్లిదండ్రులకి నేను ముందు ఈ వరుసే చూపిస్తాను.

వరుసలోపల కూడా ఒక పద్ధతి ఉంది. క దగ్గర స్వరతంత్రులు అదరవు, గ దగ్గర అదురుతాయి, చివర్న ఉన్న ఙ, ఞ, ణ, న, మలకి ముక్కు దారి తెరుచుకుంటుంది. "ప, బ, మ" మూడూ పెదాలతోనే పలుకుతాం కదా, మరి తేడా ఎక్కడుంది అని అడగండి. గొంతు మీద వేళ్ళు, ముక్కు కింద అద్దం పెట్టి వాళ్ళే చెప్తారు.

అచ్చులకి అద్దం చాలు. ఆ అంటే దవడ దిగుతుంది, ఈ అంటే పెదాలు పక్కలకి సాగుతాయి, ఊ అంటే గుండ్రంగా ముందుకొస్తాయి.

చ, జల దగ్గర ఒక చిన్న మాట. "చాప" అన్నప్పుడు పెద్దవాళ్ళ నాలుక పళ్ళకి దగ్గరగా ఉంటుంది, "చీమ" అన్నప్పుడు వెనక్కి వెళ్తుంది. ఒక్కటే అక్షరం, రెండు చోట్లు. మరాఠీలోనూ ఈ రెండు రకాల చ ఉంది కాబట్టి చంద్రపూర్, గడ్చిరోలి వైపు తెలుగు పిల్లలకి ఇది రెండు భాషల్లోనూ వినపడుతుంది. ఒడియాలో లేదు. మన వైపు పిల్లలు "చాప"ని కూడా "చీమ"లో చ లాగే అంటే పట్టించుకోవద్దు, అమ్మమ్మ దగ్గర నాలుగు రోజులుంటే అదే పట్టుకుంటారు.

ఖ, ఘ, భ లాంటి ఒత్తు అక్షరాలు పిల్లలకి పలకవు కదా?

మన వైపు పిల్లలకి బాగానే పలుకుతాయి, గమనించండి. అచ్చ తెలుగు మాటల్లో ఒత్తులు దాదాపు లేవు, అందుకే తెలుగు జిల్లాల్లో పిల్లలకి అవి పుస్తకం అక్షరాలు. ఒడియాలో మాత్రం అన్నం భాత, ఇల్లు ఘర, తినడం ఖాఇబా. రోజూ మధ్యాహ్న భోజనం దగ్గర "భాత" అనే పిల్లకి భ ఎలా పలకాలో వేరే చెప్పక్కర్లేదు. చిన్న కాగితం ముక్క నోటి ముందు పట్టుకుని ప, ఫ అనిపించండి (ఫ్యానులో ఫ కాదు, ఫలంలో ఫ). ఒత్తు దగ్గర కాగితం ఎక్కువ ఊగుతుంది.

మా బాబు "వాన"ని "బాన" అంటాడు, "యమున"ని "జమున" అంటాడు, శ అనేదే రాదు. నాలుకలో లోపమా?

అన్నిసార్లూ అలాగే అంటాడా, కొన్ని మాటల్లోనేనా, ముందు అది చూడండి. మాట్లాడే ఒడియాలో వ చాలా చోట్ల బ అవుతుంది, మాట మొదట్లో య వస్తే జ అవుతుంది, శ ష స మూడూ దాదాపు స లాగే వినపడతాయి. విజయ్ బిజయ్ అవుతాడు, శంకర్ సంకర్ అవుతాడు, విశాఖపట్నం బిసాఖాపాటణా అవుతుంది. పొద్దున్నించీ సాయంత్రం దాకా ఆ మాటల మధ్య ఉన్న పిల్లాడు అదే చోట నోరు పెడతాడు. వాడి చెవి బాగా పనిచేస్తోందనడానికి అది గుర్తు. ఒడియాలో అలా పలకడం తప్పు కాదు, అది ఆ భాష పద్ధతి. కాబట్టి "ఒడియావాడిలా మాట్లాడకు" లాంటి మాట దయచేసి అనకండి. ఆ మాట వినే స్నేహితులు పక్కింట్లోనే ఉంటారు.

సరిచేయడం తేలిక. బ అంటే రెండు పెదాలూ మూసుకుంటాయి. వ అంటే కింది పెదవి పై పళ్ళకి దగ్గరగా వస్తుంది, పెదాలు మూసుకోవు. అద్దం ముందు "బాట – వాట, బడి – వడి, బల – వల" అని ఆడించండి. శకి నాలుక నడుమ భాగాన్ని అంగిలి వైపు లేపి, గాలిని సన్నగా వదలాలి, "ష్" అని ఎవరినైనా ఊరుకోమన్నప్పుడు చేసేదానికి దగ్గరగా ఉంటుంది, అక్కడి నుంచి మొదలుపెడితే తొందరగా వస్తుంది.

తేడా ఎక్కడ తెలుస్తుందంటే, పక్క భాష వల్ల వచ్చినది ఆ భాష లెక్క ప్రకారమే ఉంటుంది. వ బదులు బ అంటాడు గానీ, క బదులు త అనడు. ఐదేళ్ళు వచ్చినా "కాకి"ని "తాతి" అంటున్నాడంటే, మాటల్లో సగం అక్షరాలు మింగేస్తున్నాడంటే, అది ఒడియా వల్ల కాదు. చూపించాలి.

"నేల"ని "నెల" అంటుంది, "మేడ"ని "మెడ" అంటుంది. ఎలా నేర్పాలి?

ఇదీ అటు నుంచి వచ్చేదే. మాట్లాడే ఒడియాలో అచ్చు పొడుగు వల్ల మాట అర్థం మారదు, తెలుగులో మారిపోతుంది. చప్పట్లతో నేర్పండి, పొట్టి అచ్చుకి ఒకటి, పొడుగు అచ్చుకి చెయ్యి సాగదీస్తూ రెండు. నెల – నేల, మెడ – మేడ, పడు – పాడు, కల – కాల. రాయడం కంటే ముందు చెవికి తెలియాలి. మీరు అంటే తను బొమ్మ చూపించాలి, ముందు అంతవరకే. అలాగే కొందరు అ ని కాస్త ఒ లాగా గుండ్రంగా అంటారు, కమలని కొమొలొ అన్నట్టు. పెదాలు గుండ్రంగా చుట్టకుండా అద్దంలో చూసుకుంటూ అనమంటే సరి.

ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా వల్లే మాటలు ఆలస్యమయ్యాయని అంటున్నారు. తెలుగు మానేయమంటారా?

మానేయొద్దు. రెండు మూడు భాషలు వినడం వల్ల మాట రాకపోవడం అనేది లేదు. రెండు భాషలు కలిపి మాట్లాడతారు, ఒక్కో భాషలో విడిగా లెక్కేస్తే మాటలు కాస్త తక్కువ కనిపించొచ్చు, రెండూ కలిపి లెక్కేస్తే సరిపోతాయి. తల్లి తనకి బాగా వచ్చిన భాష మానేసి, వచ్చీ రాని భాషలో నాలుగు ముక్కలు మాట్లాడితే పిల్లకి వినే మాటలే తగ్గిపోతాయి, నష్టం అక్కడ.

కానీ ఏడాది నిండుతున్నా "బబ్బబ్బ, మమ్మమ్మ" లాంటివి అనడం లేదా, పేరు పెట్టి పిలిస్తే తిరగడం లేదా, ఏడాదిన్నరకి ఒక్క మాటా రాలేదా, రెండేళ్ళు దాటినా "అమ్మ రా", "పాలు కావాలి" లాంటి రెండు మాటలు కలపడం లేదా, వచ్చిన మాటలు పోయాయా, అప్పుడు భాషల మీద నెపం పెట్టి ఆగకండి. ముందు వినికిడి పరీక్ష చేయించండి. తలుపు చప్పుడికి తిరుగుతోంది కాబట్టి చెవి బాగానే ఉంది అనుకోవడానికి లేదు, పెద్ద చప్పుడు విని చిన్న శబ్దాలు వినపడని పిల్లలుంటారు. చెవి నుంచి మాటిమాటికీ చీము కారే పిల్లలు ఇంకా జాగ్రత్త.

జలుబు చేస్తే "అమ్మా" అనేది "అబ్బా" అని వినపడుతుందేంటి?

ముక్కు మూసుకుపోయింది కాబట్టి. మ లోంచి ముక్కు తీసేస్తే బ మిగులుతుంది. పాఠానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు. జలుబు లేనప్పుడు కూడా ఎప్పుడూ అలాగే మాట్లాడుతూ, నోరు తెరుచుకుని నిద్రపోతూ గురక పెడుతుంటే ముక్కు వెనక ఉండే అడినాయిడ్స్ అనే కణజాలం పెరిగిందేమో చెవి ముక్కు గొంతు డాక్టర్ చూడాలి.

నాలుగేళ్ళు నిండాయి, ఇంకా ర పలకదు.

ఆగండి. ప, బ, మ ముందు వస్తాయి, ర, ళ, శ చివర్న వస్తాయి, ఐదారేళ్ళ దాకా పట్టొచ్చు. ర కి నాలుక కొన చిగురు మీద టకటకా తగలాలి, అది కష్టమైన పని. "ఎర్ర లారీ, తెల్ల లారీ" ఆరేళ్ళ తర్వాత ఆడించండి, ముందు కాదు. ముందు పళ్ళు ఊడినప్పుడు స జారిపోవడం కూడా మామూలే, పళ్ళు వస్తే అదీ వస్తుంది.

నాలుక కింద తీగ కోయిస్తే మాటలు బాగా వస్తాయంటారు, నిజమా?

నాలుక కింద తీగ అందరికీ ఉంటుంది. కొందరికి అది పొట్టిగా ఉండి నాలుకని పట్టేస్తుంది. నాలుక బయటికి చాపగలిగి, పై పెదవిని తాకగలిగి, త, న, ల స్పష్టంగా అంటుంటే దాన్ని ముట్టుకోవాల్సిన పని లేదు. అసలు మాటలే రాని పిల్లకి ఇది కోస్తే మాటలు రావు, ఎందుకంటే కారణం అక్కడ ఉండదు. పల్లెల్లో గోరుతో, బ్లేడుతో తెంపేవాళ్ళ దగ్గరికి అస్సలు తీసుకెళ్ళకండి. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టవుతుంది. పాలు తాగడం కష్టమవుతుంటే, ఆ అక్షరాలు ఎంతకీ రాకపోతే డాక్టర్ నిర్ణయిస్తారు.

వస కొమ్ము అరగదీసి నాకిస్తే మాటలు తొందరగా వస్తాయా?

మా ఇళ్ళల్లోనూ చేశారు, మాటకారి పిల్లని వసపిట్ట అనడం అందరం విన్నదే. పెద్దవాళ్ళు ప్రేమతో చేసేదే అది. అయినా వద్దు. మాట రావాలంటే చెవి, మెదడు, నోరు కలిసి పనిచేయాలి, నాలుక మీద రాసినదేదీ ఆ పని చేయదు. పైగా వసలో బీటా అసరోన్ అనే పదార్థం ఉంటుంది, అది మంచిది కాదని తేలింది, నెలల పిల్లలకి వాంతులు పట్టుకోవడం కూడా ఉంది. అత్తగారు గట్టిగా పట్టుబడితే గొడవ పడకుండా, "పిల్లల డాక్టర్ వద్దన్నారు అత్తయ్యా" అనండి, ఆ మాట నిజమే. మాట కోసం చేయాల్సింది ఏదైనా ఉంటే, నీళ్ళు పోసేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు పిల్ల మొహంలోకి చూస్తూ కబుర్లు చెప్పడం, అది అత్తయ్యగారు మీకన్నా బాగా చేయగలరు.

గ్రహణం మొర్రి ఉన్న పిల్ల క్లాసులో ఉంది. మిగతా పిల్లలకి ఏం చెప్పాలి?

పై పెదవి, అంగిలి తల్లి కడుపులో రెండు వైపుల నుంచి పెరిగి మధ్యలో కలుస్తాయని, కొందరిలో పూర్తిగా కలవవని చెప్పండి. ఇది గర్భం మొదటి మూడు నెలల్లోనే జరుగుతుంది. గ్రహణం రోజు తల్లి కూర తరిగిందనో, బయటికి వచ్చిందనో కాదు. ఆ తల్లి ఆ మాట ఎన్నిసార్లు పడి ఉంటుందో ఆలోచించండి, కనీసం బడిలో పిల్లల నోట రాకుండా చూద్దాం.

అంగిలిలో చీలిక ఉంటే ముక్కు దారి మూసుకోదు, అందుకే ప, బ అన్నా గాలి ముక్కులోంచి పోయి మాట ముక్కుతో వచ్చినట్టు ఉంటుంది. అద్దం పరీక్ష చేసిన పిల్లలకి ఇది చప్పున అర్థమవుతుంది. అయితే ఆ పిల్లని ముందు నిలబెట్టి చూపించకండి. పెదవికి మొదటి ఏడాదిలోనే, చాలామందికి మూడు నుంచి ఆరు నెలల మధ్య, ఆపరేషన్ చేస్తారు, అంగిలికి తొమ్మిది నెలల నుంచి ఏడాదిన్నర లోపు. ఆలస్యమైనా చేయించాలి. తర్వాత మాట నేర్పే స్పీచ్ థెరపీ కూడా కావాలి, ఆపరేషన్‌తో పని అయిపోయిందనుకుంటారు చాలామంది. పైకి పెదవి బాగానే ఉన్నా, పాలు ముక్కులోంచి వస్తుంటే లోపల అంగిలిని టార్చి వేసి చూడమని అడగండి.

నత్తికి ఏం చేయాలి?

రెండు నుంచి ఐదేళ్ళ మధ్య కొంతమంది పిల్లలకి వస్తుంది, ఎక్కువమందికి పోతుంది. మాట పూర్తిచేసే దాకా ఆగండి, మధ్యలో అందించకండి, "మెల్లగా చెప్పు, ఊపిరి తీసుకో" అని పదేపదే అనకండి, పిల్లకి టెన్షన్ పెరుగుతుంది. మీరే మెల్లగా మాట్లాడండి. ఆరు నెలలు దాటినా తగ్గకపోతే, మాట కోసం మొహం బిగుసుకుపోతుంటే స్పీచ్ థెరపిస్టుకి చూపించండి. వెక్కిరించే మేనమామల్ని మాత్రం గట్టిగా ఆపండి.

నోటి పాఠంలో చుట్ట, గుడాకు గురించి చెప్పాలా? పెద్దవాళ్ళు బాధపడరా?

చెప్పాలి. శ్రీకాకుళం వైపు, దాని పక్కన మన ఊళ్ళల్లోనూ ముసలమ్మలు అడ్డపొగ తాగుతారు, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని. ఆ వేడి, ఆ పొగ నేరుగా అంగిలికి తగులుతాయి. అంగిలి తెల్లబడి, చిన్న చిన్న ఎర్ర చుక్కలు వస్తాయి, కొందరికి అక్కడే క్యాన్సర్ వస్తుంది. మామూలుగా గట్టి అంగిలికి క్యాన్సర్ అరుదు, అడ్డపొగ ఉన్నచోట మాత్రం అది తరచుగా కనిపిస్తుంది. ఒడియా వైపు గుడాకు, పొగాకు కలిసిన ముద్ద, దానితో పళ్ళు తోముకుంటారు, అది పేస్టే అనుకుని పిల్లలు కూడా వేలు ముంచుతారు. ఖైనీ సరేసరి.

"మీ అమ్మమ్మ చెడ్డ పని చేస్తోంది" అని మాత్రం చెప్పకండి. నోట్లో ఏ భాగం ఎలా ఉండాలో నేర్పండి, మామూలు అంగిలి లేత గులాబీ రంగులో ఉంటుందని చూపించండి. ఇంటికెళ్ళి "అమ్మమ్మా, ఒకసారి నోరు తెరువు" అని టార్చి వేసి చూసే మనవరాలి మాటకి ఆ ముసలమ్మ ఆస్పత్రికి కదులుతుంది, మనం చెప్తే కదలదు. రెండు మూడు వారాలైనా మానని పుండు, తెల్ల మచ్చ, నోరు పూర్తిగా తెరుచుకోకపోవడం, వీటిలో ఏది కనిపించినా చూపించాలి.

వినపడని పిల్లలు, మాట్లాడని పిల్లలు ఉన్న క్లాసులో ఈ పాఠం చెప్పొచ్చా?

చెప్పొచ్చు, ఒక మార్పుతో. మాట నోటితోనే రాదు, చేతులతో, మొహంతో కూడా మాట్లాడతారు, భారతీయ సంజ్ఞా భాష ఒక పూర్తి భాష అని మొదటే చెప్పండి. వినపడని పిల్లకి గొంతు అదురు చేతికి బాగా తెలుస్తుంది, తనకి ఇష్టమైతే అమ్మ గొంతు మీద చెయ్యి పెట్టి చూడనివ్వండి. ఇష్టం లేకపోతే అద్దాలు పంచే పని ఇవ్వండి. అందరి ముందూ "ఏదీ, అను" అని నిలబెట్టడం మాత్రం వద్దు.

మా క్లాసులో సవర, కుయి అనే గిరిజన భాషలు మాట్లాడే పిల్లలు కూడా ఉన్నారు. వాళ్ళకి ఇదే పనికొస్తుందా?

పనికొస్తుంది, పైగా వాళ్ళ దగ్గర మన పిల్లలు నేర్చుకునేది కూడా ఉంది. సవరలో గాలిని గొంతులోనే టక్కున ఆపేసే ధ్వని ఒకటుంది, స్వరతంత్రులు రెండూ మూసుకుని చేసే పని అది. తెలుగు వర్ణమాలలో దానికి అక్షరం లేదు. సవర పిల్లని ఒక మాట అనమని, మిగతావాళ్ళని పట్టుకోమనండి. ఆ రోజు క్లాసులో ఆ పిల్లే టీచరు. పర్లాకిమిడిలో పంతులుగా ఉన్న గిడుగు రామమూర్తి గారు (1863–1940) సవరల దగ్గరే కూర్చుని ఆ భాష నేర్చుకుని, నిఘంటువు కూర్చి, సవర పిల్లల కోసం వాచకాలు రాశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం అని దండలు వేస్తాం. ఆ రోజు సవర పిల్లల చేత రెండు మాటలు పలికిస్తే ఆయనకి ఇంకా బాగా నచ్చేదని నా నమ్మకం.

బడిలో చార్టు తెమ్మన్నారు. ఏం గీయాలి?

తల పక్కకి తిప్పి సగానికి కోసినట్టుండే బొమ్మ. దాని పక్కన క, చ, ట, త, ప లని పలికే చోట్ల రాయించండి. కొనుక్కొచ్చి అతికించకండి.

అనుమానం ఉంటే ఎక్కడికి వెళ్ళాలి? ఖర్చు ఎంత?

ముందు అంగన్‌వాడీ దీదీకో, ఆశా దీదీకో చెప్పండి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం అని ఒక సర్కారు పథకం 2013లో మొదలైంది, పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ళ దాకా పిల్లల్ని చూస్తారు. వాళ్ళ బృందం అంగన్‌వాడీకి ఏడాదికి రెండుసార్లు, సర్కారు బడికి ఒకసారి రావాలి. గ్రహణం మొర్రి, పుట్టు చెవుడు, మాట ఆలస్యం, అన్నీ అందులో ఉన్నాయి, వైద్యం ఉచితం. అక్కడి నుంచి జిల్లా ఆస్పత్రికి పంపిస్తారు. పెద్ద ఆస్పత్రి కావాలంటే బరంపురం మెడికల్ కాలేజీ, లేదా రైలెక్కితే విశాఖపట్నం కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆస్పత్రి). ఆధార్, పిల్ల టీకాల కార్డు, పాత చీటీలు ఉంటే అన్నీ పట్టుకెళ్ళండి.

పిల్లలు ఆస్పత్రిలో నోరు విప్పరు. అందుకని ఇంట్లో ఆడుకుంటూ మాట్లాడేటప్పుడు ఫోన్లో వీడియో తీసి పట్టుకెళ్ళండి, తెలుగులో కాసేపు, ఒడియాలో కాసేపు. ఇంట్లో ఏ భాష, బడిలో ఏ భాష, ఎవరితో ఏది మాట్లాడుతుందో అడగకపోయినా చెప్పండి. పరీక్ష ఒడియాలోనే చేసేస్తే తెలుగు మాటలు లెక్కలోకి రావు, విశాఖలో తెలుగులోనే చేస్తే వ బదులు బ అన్నదాన్ని కూడా తప్పు కింద రాసేస్తారు. "రెండు భాషల్లోనూ చూడండి సార్" అని మొహమాటం లేకుండా అడగండి. ఒడియాలో అడగాల్సి వచ్చి మీకు తడబాటుగా ఉంటే, వచ్చినవాళ్ళని ఒకరిని తోడు తీసుకెళ్ళండి, పిల్లనే మధ్యలో తర్జుమాకి పెట్టకండి.